జాయింటు దగ్గరే జాగ్రత్త

(సుంగై పెటానిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. జ్ఞాపిక కోసం కొద్దిగా సవరించినది.)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి గారు "భాష గురించో, సంస్కృతి గురించో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు పని చేసినవాణ్ణి. వైర్‌మన్‌గా మొదలుపెట్టి చార్జ్‌మన్‌గా రిటైరయ్యాను. కనుక నాకు తెలిసిన ఒక్క వస్తువు గురించే చెప్పుకుంటాను. అది ఈ హాలు వెనక గదిలో, బూడిదరంగు ఇనప బీరువాలో ఉంది. మీ తలల మీద తిరిగే ఫ్యాన్లు, ఈ మైకు, వంటశాలలో గ్రైండరు, అన్నిటికీ కరెంటు దాని మీదుగానే వస్తోంది. దాని పేరు అల్యూమినియం బస్ బార్.

"పండగపూట ఇదేం గోలయ్యా" అనుకోకండి. దీని వెనక నేను ఎన్నో ఏళ్ళు దాచుకున్న ఒక తప్పు ఉంది. అది కూడా ఇవాళ చెప్పేస్తాను.

ముందు మా నాయన బకెట్టు సంగతి చెబుతాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చినవాడు. మీలో చాలామంది తాతలూ అలా శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చినవారే. మా నాయన ఈ ఊరికి దగ్గర్లోని రబ్బరు ఎస్టేటులో చెట్లు గీసేవాడు. తెల్లవారకముందే నుదుటికి దీపం కట్టుకుని వెళ్ళి, పొద్దెక్కాక కప్పుల్లోని పాలు బకెట్టులో పోసుకుని తెచ్చేవాడు. ఆ బకెట్టు అల్యూమినియంది. ఒకసారి నేను ఇంట్లోని ఇత్తడి చెంబుతో ఆ పాలు ముంచబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "రాగి గానీ ఇత్తడి గానీ తగిలితే రబ్బరు చెడిపోద్దిరా" అన్నాడు. పెద్దయ్యాక చదివితే అది నిజమేనని తెలిసింది. ఇత్తడిలోనూ రాగి ఉంటుంది కదా. రాగి ఏ కొంచెం కలిసినా రబ్బరు తొందరగా ముదిరి, జిగటగా తయారై, బలం పోగొట్టుకుంటుంది. అందుకే ఎస్టేటు మనుషులం రాగిని దూరంగా పెట్టి, అల్యూమినియంతో కాపురం చేశాం.

అయినా మనకు అల్యూమినియం అంటే చులకనే. మన ఇళ్ళలో దాన్ని సత్తు గిన్నె అంటాం. పెళ్ళికి ఇత్తడి బిందె పెడతాం గానీ సత్తు బిందె పెట్టం. కరెంటు పనిలోనూ ఇదే చులకన. "రాగి వేశారా, సత్తు వేశారా?" అని అడిగేవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను.

ఇంతకీ బస్ బార్ అంటే ఏమిటి? ఇందులో "బస్" అంటే మనం బటర్‌వర్త్‌కు ఎక్కి వెళ్ళే బస్సే. లాటిన్ భాషలో "ఆమ్నిబస్" అంటే "అందరికీ" అని అర్థం. అందరూ ఎక్కే బండి ఆమ్నిబస్ అయింది, అన్ని సర్క్యూట్లకూ కరెంటు పంచే కడ్డీ ఆమ్నిబస్ బార్ అయింది. వాడుకలో రెండూ అరిగి బస్, బస్ బార్ అయ్యాయి. తెనాగా వారి లైను నుంచి వచ్చే కరెంటు మెయిన్ బ్రేకరు దాటగానే ఈ కడ్డీల మీదికి వస్తుంది. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులకు మూడు, న్యూట్రలుకు ఒకటి. వాటి నుంచి చిన్న బ్రేకర్లకు, అక్కడి నుంచి లైట్లకు, ఫ్యాన్లకు వెళుతుంది. ఫ్యాక్టరీలోనైతే ఇవే కడ్డీలు ఇనప తొట్టెల్లో పైకప్పు పొడవునా పరుగెత్తుతాయి. కూలిం హైటెక్ పార్కులో పనిచేసే మన పిల్లలు రోజూ వాటి కిందే నడుస్తుంటారు.

ఈ కడ్డీలు రాగితో చేస్తారు, అల్యూమినియంతోనూ చేస్తారు. రాగి కరెంటును మోసే శక్తిని నూరు అనుకుంటే శుద్ధ అల్యూమినియం 61. బస్ బార్లకు వాడే 6101 అనే మిశ్రమం 55 నుంచి 57. అంటే అదే పనికి అల్యూమినియం కడ్డీ లావుగా ఉండాలి, సుమారు 1.6 నుంచి 1.8 రెట్లు. కానీ రాగి సాంద్రత 8.9, అల్యూమినియం 2.7. వంద మిల్లీమీటర్ల వెడల్పు, పది మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి కడ్డీ మీటరు పొడవుకు దాదాపు 9 కిలోలు తూగుతుంది. అంతే నిరోధం ఉన్న అల్యూమినియం కడ్డీ లావుగా ఉండి కూడా ఐదు కిలోల లోపే. బరువు సగం. కిలో ధర రాగిలో మూడో వంతో నాలుగో వంతో. లెక్క వేస్తే లోహం ఖర్చు ఆరో వంతుకు దిగిపోతుంది. బీరువా కొంచెం పెద్దది కావాలి, కడ్డీలకు తగరం పూత పూయించాలి. అవన్నీ కలిపినా చాలా మిగులుతుంది.

అసలు బస్ బార్ ఫలానా లోహంతోనే చెయ్యాలని శాస్త్రమేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో రాగి కరువై, ఓక్ రిడ్జ్ అణు కర్మాగారానికి ప్రభుత్వ ఖజానా నుంచి పధ్నాలుగు వేల టన్నులకు పైగా వెండి అరువు తెచ్చి, అయస్కాంతాల చుట్టలకు, బస్ బార్లకు వాడారు. చివరి విడత వెండి ఖజానాకు తిరిగి చేరింది 1970లో. వెండి ఉంటే వెండి, రాగి ఉంటే రాగి. ఏ లోహమైతేనేం, దాని గుణం తెలుసుకుని వాడాలి.

మన దగ్గర అల్యూమినియానికి కొదవ లేదు. సరవాక్‌లో ముకా, సమలాజు దగ్గర పెద్ద స్మెల్టర్లు నడుస్తున్నాయి. కిలో అల్యూమినియం తీయడానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు కావాలి, అందుకే జలవిద్యుత్తు ఉన్నచోట వాటిని పెడతారు. ఇండియాలో కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో వారు తీసే అల్యూమినా విశాఖపట్నం రేవు నుంచి ఓడ ఎక్కి విదేశాలకు వెళుతుంది. మన తాతలను పంపిన తీరం నుంచే ఇదీ బయలుదేరుతోంది.

ఇక నా తప్పు.

1994లో ఈ ఊళ్ళోనే ఒక ఫ్యాక్టరీలో కొత్త షెడ్డు కట్టారు. ఫ్యాక్టరీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. పాత ప్యానెల్లో రాగి బస్ బార్లు. పక్కన పెట్టే కొత్త ప్యానెల్లో అల్యూమినియం బస్ బార్లు. రెంటినీ కలిపే పని నాది. శనివారం రాత్రి కరెంటు ఆపితే సోమవారం పొద్దున షిఫ్టుకు ఇవ్వాలి. నాతో సహాయానికి పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు. మా పాత ఎస్టేటులో మా పక్క లైనులో పెరిగిన ఒక చెల్లెలి వరస ఆవిడ కొడుకు. "అన్నయ్యా, వీణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను, పని నేర్పు" అని ఆవిడే తెచ్చి అప్పగించింది.

కొత్త కడ్డీలు కొంచెం పొడవు వచ్చాయి. రంపంతో కోసి, కొత్తగా బెజ్జాలు వేశాను. కోసిన ముక్కతోపాటు కొసన ఉన్న తగరం పూత పోయింది. ఉత్త అల్యూమినియం మీద ఎమెరీ కాగితం రుద్ది, మెరుస్తోంది కదా అనుకుని, టీ తాగి వచ్చి, గంట తర్వాత దాన్ని రాగి కడ్డీ మీద పెట్టి బోల్టులు బిగించాను. కొత్త బెజ్జాలకు స్ప్రింగు వాషర్లు చాలలేదు. "ఇవి అయిపోయాయిరా, మామూలు వాషర్లు వెయ్యి" అన్నాను. టార్క్ రెంచి బండిలోనే ఉండిపోయింది. పొడుగు స్పానరు తీసుకుని నా బలమంతా పెట్టి తిప్పాను. సోమవారం పొద్దున కరెంటు వచ్చింది. ఓనరు చేయి కలిపాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. కొత్త మెషీన్లు వచ్చి లోడు 800 ఆంపియర్ల దాకా పెరిగింది. ఒకరోజు కుర్రవాడు "మావయ్యా, ప్యానెల్ దగ్గర ఏదో వాసన వస్తోంది" అన్నాడు. "కొత్త పెయింటు వేడెక్కిందిలే" అన్నాను. వారం తర్వాత వాసన ఎక్కువైంది. నేను వేరే చోట ఉన్నాను. ఫోనులో "మూత తీసి చూడు" అన్నాను. కరెంటు ఆపమనలేదు. వాడు మూత తీసేసరికి లోపల కడ్డీని పట్టుకున్న ఇన్సులేటరు వేడికి మెత్తబడి, కడ్డీ జరిగి, పెద్ద మెరుపు వచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు గనక కళ్ళు దక్కాయి. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ చేతి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు.

వాళ్ళ అమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను అడిగింది. "అన్నయ్యా, అసలేమైంది?"

నేను ఏమన్నానో తెలుసా? "అల్యూమినియం వేశారమ్మా, చవక సరుకు, కాలిపోయింది" అన్నాను.

ఆవిడ నమ్మింది. నేనూ కొన్నాళ్ళు అదే నమ్మడానికి ప్రయత్నించాను. కానీ కాలిన ముక్కను ఇంటికి తెచ్చుకున్నాను. ఇదిగో, ఇదే. చేతులు మారుస్తూ చూడండి. బోల్టు బెజ్జం చుట్టూ గుంట పడింది కదా, అది మామూలు వాషరు లోపలికి దిగిన గుర్తు. ఆ పక్కన తెల్లగా సున్నంలా అంటుకున్నది అల్యూమినియం తుప్పు. ప్యానెల్ వచ్చిన పెట్టెలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. దాన్ని ప్రమాదం తర్వాతే విప్పాను. అందులో జాయింటు ఎలా చెయ్యాలో రాసిన కాగితం, పూయడానికి ఒక ట్యూబు ఉన్నాయి.

ఆ కాగితం చదివాక, పుస్తకాలు చదివాక నాకు అర్థమైంది నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది, పొర. అల్యూమినియాన్ని గీకిన క్షణంలోనే గాలి తగిలి పైన ఒక పొర కడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాల మందం. కంటికి కనపడదు. మెరుస్తూనే ఉంటుంది. కానీ ఆ పొర కరెంటును పోనివ్వదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ పొర 2,000 డిగ్రీలు దాటినా కరగదు. అందుకని ముందు జాయింటు కాంపౌండు పూసి, ఆ జిడ్డు ఉండగానే దాని కింద వైరు బ్రష్షుతో రుద్ది, తుడవకుండా వెంటనే బిగించాలి. లేదా ఫ్యాక్టరీలోనే తగరం పూత పూసినది వాడి, ఆ పూతను గీకకుండా బిగించాలి. నేను రుద్ది టీకి వెళ్ళాను.

రెండోది, సాగడం. మీటరు కడ్డీ 50 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 1.15 మిల్లీమీటర్లు సాగుతుంది, రాగి 0.85, ఉక్కు బోల్టు 0.6. అన్నీ ఒకే లెక్కన సాగవు. పగలు లోడు పెరిగి రాత్రి తగ్గినప్పుడల్లా జాయింటు ఊపిరి పీల్చినట్టు కదులుతుంది.

మూడోది, మెత్తదనం. అల్యూమినియం మెత్తని లోహం. గట్టిగా నొక్కితే నెమ్మదిగా పక్కకు జారిపోతుంది. బోల్టు పట్టు సడలుతుంది. గిన్నె ఆకారంలో ఉండే స్ప్రింగు వాషరు వేస్తే లోహం జారినా వాషరు సాగి పట్టు నిలబెడుతుంది. దాని కింద మందపాటి పెద్ద వాషరు ఉంటే ఒత్తిడి పరుచుకుంటుంది. బిగింపు టార్క్ రెంచితో, తయారీదారు చెప్పినంతే. మన బలమంతా పెడితే మేలు కాదు, కీడు. ఏటా వచ్చి ఇంకో తిప్పు తిప్పే మేస్త్రీలున్నారు. వాళ్ళు జాయింటును బాగుచేస్తున్నామనుకుంటూ పాడుచేస్తారు.

నాలుగోది, తడి. ఉత్త అల్యూమినియం, ఉత్త రాగి ఒకదానికొకటి తగిలి మధ్యలో చెమ్మ చేరితే బ్యాటరీ తయారవుతుంది. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. మన ఊరి గాలిలో ఏ నెలలో చెమ్మ లేదు చెప్పండి?

ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. మంచి జాయింటు నిరోధం 20 మైక్రో ఓములనుకుందాం. 800 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 13 వాట్లు. గదిలో చిన్న దీపమంత. అదే జాయింటు చెడి 500 మైక్రో ఓములైతే 320 వాట్లు. మూసిన బీరువాలో, అరచేతంత చోట, రాత్రింబగళ్ళు. వేడికి పట్టు ఇంకా సడలుతుంది, సడలిన కొద్దీ వేడి పెరుగుతుంది. నా కుర్రవాడికి తగిలిన వాసన అదే.

ఈ పాఠం పెద్ద దేశాలూ ఖరీదు పెట్టే నేర్చుకున్నాయి. అమెరికా నుంచి వచ్చిన బంధువులకు తెలిసే ఉంటుంది. 1965 నుంచి 1973 దాకా రాగి ధర పెరగడంతో అక్కడ లక్షల ఇళ్ళకు అల్యూమినియం వైరు వేశారు. రాగికి తగ్గట్టు చేసిన సాకెట్లకే దాన్ని బిగించారు. 1972కు ముందు అలా కట్టిన ఇళ్ళలో ఆ కనెక్షన్లు అగ్నిప్రమాదపు స్థితికి చేరే అవకాశం రాగి వైరు ఇళ్ళకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం తేల్చింది. తర్వాత మిశ్రమం మార్చారు, సాకెట్లు మార్చారు. అదే దేశంలో, అదే కాలంలో, వీధి స్తంభాల మీద అల్యూమినియం తీగ ఏ గొడవా లేకుండా కరెంటు మోస్తూనే ఉంది. ఆంధ్రలో, తెలంగాణలో పల్లె పల్లెకూ కరెంటు తెచ్చింది అల్యూమినియం తీగే. అక్కడి ప్యానెల్ షాపుల్లో ఇ91ఇ అని అడిగితే అల్యూమినియం బస్ బార్ తీసి ఇస్తారు. తేడా వచ్చింది లోహంలో కాదు, బిగించినచోట.

ఇక ఈ హాలు సంగతి. 2006లో మనం బోర్డు మార్చాలనుకున్నాం. రాగి బస్ బార్లతో కొటేషను తెచ్చుకున్నాం. అది చేతిలో ఉండగానే రాగి ధర ఎగిరిపోయింది. ఆ ఏడాది మే నెలలో టన్ను మొదటిసారి 8,000 డాలర్లు దాటింది. మన డబ్బంతా ఎస్టేటు పెన్షను తాతలు, అవ్వలు పది పది రింగిట్లు ఇచ్చిన డబ్బు. అల్యూమినియం వేద్దామని నేనే అన్నాను. కమిటీలో ఒక పెద్దాయన లేచి "ఆ కుర్రాడి చెయ్యి కాల్చింది అదే కదయ్యా" అన్నారు. సభంతా నా వైపు చూసింది. పన్నెండేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధం తిరిగి నా ముందుకే వచ్చి నిలబడింది.

ఆ రాత్రి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. చెల్లెలికి జరిగినదంతా చెప్పాను. పూత కోసేశానని, వాషర్లు లేవని, కరెంటు ఆపమనలేదని. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కుర్రవాడు, అప్పటికి లారీ నడుపుతున్నాడు, గుమ్మంలో నిలబడి విన్నాడు. "నాకు తెలుసు మావయ్యా. వాషర్లు అయిపోయాయని మీరే అన్నారు కదా. నేనే అందించాను" అన్నాడు. పన్నెండేళ్ళు తెలిసీ ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు మాత్రం "అప్పుడే చెప్పి ఉంటే వాడు పని మానేవాడు కాదేమో అన్నయ్యా" అంది. దానికి నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు. సత్తు సరుకు మీదికి తోసేశాను గనక వాడు ఆ పనంటేనే భయపడ్డాడు. తప్పు ఎక్కడుందో తెలిసి ఉంటే దాన్ని సరిదిద్దుకోవడం నేర్చుకునేవాడు.

మర్నాడు కమిటీకి కూడా అదే చెప్పాను. వాళ్ళు ఒప్పుకున్నారు. తగరం పూత ఉన్న కడ్డీలు కొలిపించి తెప్పించాం, ఒక్క అంగుళం కొయ్యలేదు. ప్రతి బోల్టుకూ స్ప్రింగు వాషరు. టార్క్ రెంచితో బిగించి, ప్రతి నట్టు మీద ఎర్ర పెయింటుతో గీత గీశాం. గీత చెదిరితే నట్టు కదిలినట్టు. ఏటా లోడు మీద ఉండగా వేడి చూసే కెమెరాతో చూపిస్తున్నాం. మూడు ఫేజులూ ఒకేలా కనపడాలి, ఒకటి మిగతా రెంటికంటే వేడిగా ఉంటే అక్కడ జాయింటు చెడుతున్నట్టు. ఇన్నేళ్ళలో ఆ గీతలు చెదరలేదు.

మీరంతా మీ మీ ఊళ్ళలో గుళ్ళు, హాళ్ళు, షాపులు కట్టుకుంటున్నారు. బోర్డు పెట్టే మనిషిని "రాగియా, సత్తా" అని అడిగి ఊరుకోకండి. "జాయింటుకు పూత ఉందా? ఏ వాషరు వేస్తున్నావు? టార్క్ ఎంత? రాసి పెట్టావా?" అని అడగండి. జవాబు చెప్పలేనివాడు రాగి వేసినా ప్రమాదమే. బోర్డు దగ్గర వాసన వస్తోందని ఇంట్లో పిల్లవాడు అన్నా సరే, వినండి. మీరు మాత్రం మూత తీయకండి. మెయిన్ ఆపి, లైసెన్సు ఉన్నవాణ్ణి పిలవండి.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మన బోర్డు ఆపి లోపల చూపిస్తారు. లైసెన్సు ఉన్న చార్జ్‌మన్ వస్తాడు, నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు రండి. కుర్రవాడి కొడుకు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. వస్తానన్నాడు. ఈ కాలిన ముక్క ఆ రోజు వాడికి ఇచ్చేస్తాను.